ఆరు టేపులు, ముప్పై ఆరు అంగుళాలు

ఆ తీగ కోసింది నేనే. గాలికి తెగలేదు, ఉడత కొరకలేదు. నా కత్తెర మొద్దుబారుతుందని మా ఆయన కటింగ్ ప్లేయరే తీసుకుని, ఆయన చూస్తుండగానే ముక్కలు ముక్కలు చేశాను. అంతటితో ఆగానా? ఆ ముక్కల్ని వంచి నా కొట్లో చొక్కాలు తగిలించే హ్యాంగర్లు చేసుకున్నాను. ఇప్పుడంటే గండం గట్టెక్కింది కాబట్టి తీరిగ్గా చెప్పుకుంటున్నాను గానీ, ఆ బుధవారం సాయంత్రం ఆరు దాటేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

నేను దర్జీని. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊరందరినీ పైకీ కిందికీ క్షేమంగా పంపించే మనిషి, సొంత డాబా మీద నిచ్చెన ఎక్కి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎందుకయ్యా అంటే యాంటెన్నా కోసం. ఆయనకి హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని, ఇంట్లో ఓ మూల కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గాలిలో కబుర్లు చెప్పుకునే పిచ్చి. రేడియో అయితే కొన్నారు గానీ యాంటెన్నా మాత్రం చచ్చినా కొనరు. "కొన్నదాంట్లో మజా ఏముందోయ్, చేసుకోవాలి గానీ" అంటారు. నా కర్టెన్ల గొట్టాలు, బట్టలారేసే తీగ, ఒకసారి పాత గొడుగు పుల్లలు, ఇంట్లో పొడుగ్గా ఉన్నదల్లా ఎప్పుడో ఒకప్పుడు డాబా ఎక్కింది.

ఈ పిచ్చి ఆయనకి అంటించింది మా తమ్ముడు. వాణ్ణి మేమంతా చిన్నోడనే పిలుస్తాం. నలభై దాటినా చిన్నోడే. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడికి చిన్నప్పటినుంచీ నత్తి. మాట గొంతులో ఇరుక్కుంటే మొహం కందగడ్డ అయిపోయేది. నవ్విన పిల్లల్ని నేను వీధి చివరిదాకా తరిమి కొట్టేదాన్ని. పదిహేనో ఏట వాడు ఎక్కడో మోర్స్ నేర్చుకొచ్చాడు. మాటల్ని పొట్టి చప్పుళ్ళుగా, పొడుగు చప్పుళ్ళుగా మార్చి మీట నొక్కుతూ పంపడం. ఏం చిత్రమోగానీ, మీట మీద వేలు పెడితే వాడికి నత్తి లేదు! నోట్లో ఆగిపోయే మాటలన్నీ వేళ్ళలోంచి పరుగెత్తుకుంటూ వచ్చేవి.

ఇప్పుడు వాడు కొండ మీద వాతావరణ కేంద్రంలో పని చేస్తాడు. వాన ఎంత పడింది, గాలి ఎటు వీచింది, రాసి పంపాలి. నోటితో పెద్దగా పని లేని ఉద్యోగం. రోజూ సాయంత్రం ఆరింటికి బావాబామ్మర్దులిద్దరూ రేడియోలో కలుసుకుంటారు. పదిహేనేళ్ళుగా ఇదే తంతు. కింద నా మిషను చప్పుడు, పైన వాళ్ళ టకటకలు. నాకు ఒక్క అక్షరం రాదు. అయినా పైన ఆ చప్పుడు మొదలైతే ఆరయిందని లేచి దీపం వేసేదాన్ని.

గాలికి యాంటెన్నా గొట్టం వంగిందనీ, ఇంకాస్త ఎత్తు లేపితే బాగా వినిపిస్తుందనీ సలహా చెప్పింది ఆ చిన్నోడే. ఈయన నిచ్చెనెక్కారు, జారారు, తొడదాకా సిమెంటు కట్టు వేయించుకుని ఇంటికొచ్చారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"నీ దిక్కుమాలిన తీగల కోసం నా మొగుడి కాలు విరిగింది. ఇంక నా గుమ్మం తొక్కకు. నీ టకటకలు కూడా నా ఇంట్లో వినపడటానికి వీల్లేదు!"

అవతల వాడు "అ... అ... అ..." అన్నాడు. అక్కా అనబోయాడు, మాట పెగల్లేదు. వాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అలవాటు. ఆ రోజు ఆగలేదు. ఫోన్ పెట్టేశాను. ఆ ఊపులోనే డాబా ఎక్కి తీగ దింపి కోసేశాను.

మూడు వారాలు వాడు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. నా కోపం పరుగెత్తుకుంటూ వస్తుంది, పశ్చాత్తాపం మాత్రం కుంటుకుంటూ వస్తుంది. నాలుగో వారంలో వానలు పట్టుకున్నాయి. సోమవారం పొద్దున్న వార్తల్లో చెప్పారు, కొండ చరియ విరిగిపడిందని, పైకి వెళ్ళే దారి కొట్టుకుపోయిందని, పైన ఫోన్లు పనిచెయ్యడం లేదని.  పట్నంలో ఉన్న వాడి పెద్దాఫీసుకి ఫోన్ చేస్తే "సమాచారం లేదమ్మా" అన్నారు. మంగళవారం చేస్తే "ఇంకా లేదమ్మా" అన్నారు. బుధవారం చేస్తే ఎత్తనే లేదు.

ఆ మధ్యాహ్నం నేను మిషను ముందు కూర్చుని ఒకే కుట్టు మూడుసార్లు విప్పి కుడుతుంటే, పైనుంచి మా ఆయన పిలిచారు. వెళ్ళాను. కట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని రేడియో ముందు కూర్చున్నారు.

"వాడి దగ్గర రేడియో ఉందే. బ్యాటరీ ఉంది. ఏం జరిగినా సరే ఆరింటికి పిలవాలని మా ఒప్పందం. ప్రాణాలతో ఉంటే పిలుస్తాడు."

"మరి వినరేం?"

"నిన్న కిటికీలోంచి ఓ తీగ ముక్క వేలాడదీసి విన్నాను. ఉత్త హోరు. సన్నగా ఏదో ఉన్నట్టే ఉంది, అదీ నా భ్రమేమో. మిగతా రేడియో మిత్రుల్ని కూడా ఫోన్లో అడిగాను. వాడి రేడియో చిన్నది కదా, ఎవరికీ అందలేదట. వినడమే కాదు, మనం జవాబివ్వాలి. జవాబు రాకపోతే బ్యాటరీ మిగుల్చుకోడానికి ఐదు నిమిషాల్లో కట్టేస్తాడు. జవాబివ్వాలంటే సరైన యాంటెన్నా ఉండాలి." అని ఆగి, "ఏదీ?" అన్నారు.

అంతే అన్నారు. నువ్వు కోశావు అనలేదు. అన్నా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకుంటూ కొట్లోకి పరుగెత్తి హ్యాంగర్లన్నీ పోగుచేశాను. సగం ఇస్త్రీ చొక్కాలతో పాటే జనాల ఇళ్ళకి వెళ్ళిపోయాయి. వీధిలో మోకాలి లోతు నీళ్ళు, దుకాణాలన్నీ మూత. అప్పుడు నా కన్ను ఇస్త్రీపెట్టె మీద పడింది. దాని ఎక్స్‌టెన్షన్ తీగ కొట్టు ఆ చివరినుంచి ఈ చివరిదాకా వస్తుంది, పన్నెండు గజాల పైనే. లోపల రెండు తీగలు అంటుకుని ఉండే రకం. తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

"దీన్ని నడిమికి చీలిస్తే?"

ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "ఇన్నాళ్ళూ దీన్ని నానుంచి దాచావా!" అన్నారు. మూడు రోజుల తర్వాత మా ఇంట్లో మొదటి నవ్వు అది.

కొలత ఆయన చెప్పారు. ఒక్కో పక్క ముప్పై మూడు అడుగులు. వాళ్ళు మాట్లాడుకునే తరంగానికి సరిపోయే పొడవు అదేనట. తేడా వస్తే పంపింది గాలిలోకి పోకుండా తిరిగి మీదకే వస్తుందట. "అంటే కొలత కుదరని చొక్కా, కుట్టిన దర్జీ దగ్గరికే తిరిగొచ్చినట్టు," అన్నాను. ముప్పై మూడు అడుగులంటే అరవై అంగుళాల నా టేపుతో ఆరు టేపులు, పైన ముప్పై ఆరు అంగుళాలు. తీగని నేల మీద పరిచి, కుట్టు విప్పే పుల్లతో మధ్యలో గీరుకుంటూ, అంచు విప్పినట్టు రెండుగా చీల్చేశాను. కొలిచి సుద్దతో గుర్తు పెట్టాను. గుర్తు మీద కోయబోతున్నారాయన. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఆగండి. మడతకి ఒక అడుగు వదలండి."

"మడతేమిటే? లెక్క ప్రకారం..."

"మీ లెక్క ప్రకారం మీరు కోసినవన్నీ కురచై, అతుకులు వేసుకున్నారు. పొడుగైన బట్టని మడవచ్చు, కురచైన బట్టని పీకితే సాగదు. ఈ చేత్తో ఒకసారి కోసింది చాలు, ఇవాళ మడతలే."

ఆయన అడుగు వదిలే కోశారు. చివర్లు గోడకీ గొట్టానికీ తగలకుండా మధ్యలో ఏదైనా ప్లాస్టిక్కు ముక్క ఉండాలన్నారు. నా పెట్టెలోంచి ఓవర్‌కోటు బొత్తాలు తీశాను, అరచేతిలో సగం ఉంటాయి, నాలుగు చిల్లులవి. ఒక చిల్లులోంచి తీగ, ఎదురు చిల్లులోంచి నైలాను తాడు. మధ్యలో రెండు తీగల్నీ రేడియో కేబులుకి కలిపే అతుకు ఆయన కూర్చునే టంకం వేశారు.  

ఇక కట్టడం. తీగ నడుముని మా నీళ్ళ ట్యాంకు స్టాండుకున్న గొట్టానికి కట్టాలి, ఒక చివర మా పిట్టగోడకి. రెండో చివర పక్కింటి బాల్కనీకి తప్ప ఎటూ అందదు. పక్కిల్లు పళ్ళ డాక్టరమ్మది. పాత తీగ వాళ్ళ డాబా మీదుగా వెళ్తోందని ఆవిడ రెండేళ్ళు పోరింది. నేను కోసేసిన రోజు పనిగట్టుకుని వెళ్ళి "పీడ వదిలించేశానండీ" అని గొప్పలు చెప్పుకొచ్చాను. ఇప్పుడు అదే గుమ్మం ముందు తడిసి ముద్దై నిలబడ్డాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టుంది నా బతుకు.

"మా తమ్ముడు కొండ మీద చిక్కుకున్నాడు," అన్నాను. మిగతాది చెప్పేలోపే ఆవిడ రెయిన్‌కోటు వేసుకుంది.

"తాడు ఎటు విసురుతారు?" అంది. మా డాబా మీదనుంచి విసిరితే నాలుగోసారికి అందింది. "పళ్ళు లాగడమే అనుకున్నాను, తాళ్ళు లాగడం కూడా రాసిపెట్టి ఉంది!" అంటూ బాల్కనీ కమ్మీకి ముడి వేసింది. ఆ ముడి చూసి నేను కూడా మెచ్చుకున్నాను.

ఐదుంబావుకి కిందికొచ్చాను. ఆయన మీట నొక్కారు. పంపింది గాలిలోకి పోతోందో, వెనక్కి తంతోందో చెప్పే మీటరొకటి ఉంది. ముల్లు ఒకటి దగ్గర ఉండాలి, మూడు దాటి నిలబడింది.

"కొలత తప్పింది," అన్నారు.

"నా కొలతా?"

"నీ టేపు సరైనదేనా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇరవై ఏళ్ళుగా ఈ టేపుతో కుడుతున్నాను. కొలత తప్పిందని ఒక్క చొక్కా తిరిగొచ్చిందా? చెప్పండి, ఒక్కటి! మీ మీటరే పాడైపోయి ఉంటుంది, మీ నిచ్చెనలాగే!"

ఆయన బల్ల మీదున్న తన స్టీలు స్కేలు నా వైపు జరిపారు. నిరూపిద్దామని విసురుగా టేపు దాని పక్కన పెట్టాను. స్కేలు పన్నెండు అంగుళాలు అయిపోయినా, నా టేపు ఇంకా పన్నెండుకి రాలేదు. గీతల్ని చేత్తో రుద్ది మళ్ళీ పెట్టాను. రాలేదు. స్కేలు జరుపుకుంటూ టేపంతా కొలిచాను. నా అరవై అంగుళాలు నిజానికి అరవై ఒకటి.

గుడ్డ టేపు కదా, ఇరవై ఏళ్ళు మెడలో వేలాడి, లాగి లాగి సాగిపోయింది. మరి చొక్కాలెందుకు తిరిగి రాలేదంటే, మనిషిని కొలిచిందీ ఈ టేపే, బట్టని కొలిచిందీ ఈ టేపే. రెండు చోట్లా ఒకే అబద్ధం చెబితే ఎవరికి తెలుస్తుంది? తరంగం నా దగ్గరికి వచ్చి కొలతలు ఇవ్వలేదు.

"ఆరు టేపులకి ఆరు అంగుళాలు, పైదానికి అర," అన్నాను.  "ఒక్కో పక్క ఆరున్నర అంగుళాలు పొడుగైంది."

"దానికి తోడు ఇది ప్లాస్టిక్ తొడుగున్న తీగ. దీనికి మామూలుకంటే కాస్త తక్కువే చాలు. నేనూ అది మర్చిపోయాను," అన్నారాయన. "మొత్తం జానెడు మీద నాలుగు వేళ్ళు తగ్గించు. తప్పు చెరిసగం."

ఇద్దరి తప్పులూ పొడుగు వైపే పడటం మా అదృష్టం. అదే కురచై ఉంటే, మళ్ళీ తీగకి ఎక్కడికి పోయేదాన్ని? డాబా ఎక్కాను, మా వైపు చివర విప్పి వెనక్కి మడిచి మెలిపెట్టాను. ఎదురుగా డాక్టరమ్మకి వేళ్ళతో కొలత చూపిస్తూ అరిచాను, ఆవిడ అవతల మడిచింది. కిందికి దిగి చూస్తే ముల్లు రెండు. మళ్ళీ ఎక్కాను, ఇంకో నాలుగు వేళ్ళు. ఒకటిన్నర. మూడోసారి ఎక్కేటప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. మీ సంగతి రేపు చూస్తానని వాటిని తిట్టుకుంటూ ఎక్కాను. దిగేసరికి ఆయన మీటరు వేలితో చూపించారు. ముల్లు ఒకటి పక్కన ఒదిగి కూర్చుంది.

ఆరుకి రెండు నిమిషాలుంది.

ఆరయింది. రేడియోలోంచి హోరు తప్ప ఏమీ లేదు. ఆరూ రెండు. ఆయన చెవి స్పీకరుకి ఆనించి గుండ్రటి మీట ఒకటి వెంట్రుకవాసి తిప్పుతున్నారు. ఆరూ మూడు. డాక్టరమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది, రెయిన్‌కోటు నీళ్ళు కారుతున్నా ఎవరమూ ఏమీ అనుకోలేదు. వాణ్ణి ఈసారి ప్రాణాలతో చూపిస్తే జన్మలో నోరు చేసుకోనని మనసులో మొక్కేసుకున్నాను. నెరవేరే మొక్కు కాదని అప్పుడే తెలుసు.

హోరు అడుగున ఏదో కదిలింది.

"అదుగో," అన్నాను.

"ఏదీ? నాకేం..."

"ఇష్! అదుగో. వాడే."

"నీకు మోర్సే రాదు కదే!"

"మోర్స్ రాకపోతేనేం, వాడు రాడా నాకు? ఆ పరుగు చూడండి, మాట మాటకీ మధ్య ఊపిరి కూడా తీసుకోడు. పదిహేనేళ్ళుగా నా నెత్తి మీద కొడుతున్నాడు ఈ దరువు!"

ఆయన మీట ఇంకో వెంట్రుకవాసి తిప్పారు. చప్పుడు పైకి తేలింది, సన్నగా, స్పష్టంగా. ఆయన మొహం చూస్తూ చూస్తుండగానే విచ్చుకుంది. "మనల్నే పిలుస్తున్నాడు!" అని అరిచి, ఆయనా టకటకమని జవాబు కొట్టారు.  అవతలినుంచి వచ్చింది చూడండి, టకటకల వడగళ్ళ వాన.

రాసుకోడానికి కాగితం కనపడలేదు. నా చేతిలో నీలం సుద్ద ఉంది. ఆయన అది లాక్కుని, తన కాలి కట్టు మీదే రాసుకుంటూ పోయారు. నేను వంగి చదివాను. తొడ దగ్గర "నేను బాగున్నాను." మోకాలి పైన "నాతో రోడ్డు పనివాళ్ళు ముగ్గురు. ఒకరికి చెయ్యి విరిగింది." మోకాలి కింద "తిండి నాలుగు రోజులకి. నిన్నా మొన్నా పిలిచాను."

డాక్టరమ్మ అప్పటికే ఫోన్ తీసి సహాయ కేంద్రం వాళ్ళతో మాట్లాడుతోంది. నలుగురు, ఒకరికి చెయ్యి విరిగింది, వాతావరణ కేంద్రంలో ఉన్నారు, నాలుగు రోజుల తిండి అని ఒక్కొక్కటీ మందు చీటీ చదివినట్టు నిదానంగా చెప్పింది. పొద్దున్నే మనుషులు బయలుదేరతారని వాళ్ళు మాటిచ్చారు. నేను అలాగే నేల మీద కూలబడిపోయాను. ఒంట్లో ఎముకలన్నీ ఎవరో తీసేసినట్టుంది, అంత హాయిగా ఉంది. ఏడుస్తున్నానని డాక్టరమ్మ చేతిరుమాలు ఇచ్చాకే తెలిసింది. హమ్మయ్య, హమ్మయ్య అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఇంకా వస్తోంది చప్పుడు. ఆయన రాస్తూ రాస్తూ ఆగి, నా వంక చూసి, నవ్వు ఆపుకుంటూ పిక్క మీద పూర్తి చేశారు.

"బావ కాలు ఎలా ఉంది? అక్క తిడుతోందా?"

ముక్కు తుడుచుకున్నాను. "తిడుతోందని చెప్పండి," అన్నాను. "గట్టిగా తిడుతోందని చెప్పండి. మూడు రోజులనుంచి ఆపకుండా తిడుతోందని చెప్పండి."

ఆయన కొట్టారు. అవతలినుంచి వెంటనే వచ్చింది. చీలమండ దగ్గర కొంచెం చోటుంటే అక్కడ ఇరికించి రాశారు. "అయితే అంతా క్షేమమే."

బ్యాటరీ అయిపోతుంది, ఇక కట్టెయ్యి, రేపు ఆరింటికి అని ఆయన చెప్పారు. సరే అన్నాడట. హోరు మళ్ళీ కమ్ముకుంది. ఆయన స్పీకరు కట్టబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకో నాకు తెలుసు, వాడు ఇంకా వెళ్ళలేదు.

ఇంకొక్క మాట వచ్చింది. చిన్నది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ఆయన దాన్ని రాయలేదు, కట్టు మీద చోటు లేదు.

"అక్కా, అంటున్నాడు," అన్నారు.

"వినపడింది," అన్నాను. ఈసారి చివరిదాకా విన్నాను.